నీళ్ళలో పెట్టని తాను

యూనిఫాంలు కుట్టే ఆ షెడ్డులో ఇరవై రెండేళ్ళుగా అందరికీ ఆమె కటింగక్క. పుట్టింటివాళ్ళకు మాత్రం ఇప్పటికీ గుమ్మడే. రెండేళ్ళు పెద్దదైన అక్క పేరు పుల్ల. ఒకే కడుపున పుట్టి, ఒకే కంచంలో తిని, ఒకే మంచం మీద పడుకుని పెరిగిన ఇద్దరు ఆడపిల్లలు ఇలా రెండు రకాలుగా ఎందుకు తేలారో ఆ ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు. అంతుపట్టకపోతే ఊరుకోవచ్చు కదా! ఊరుకోరు. చిన్నది దొంగచాటుగా తింటోందని తేల్చేశారు.

పుల్ల తిండి చూసి తీరాల్సిందే. మూడోసారి వడ్డించుకునేది. తిని లేచి చెయ్యి కడుక్కుంటూనే గిన్నెలో ఇంకేమైనా మిగిలిందా అని తొంగిచూసేది. "పాపం, ఎంత తిన్నా ఒంటికి పట్టదు దీనికి" అని తల్లి ఇంకో గరిటె వేసేది. గుమ్మడి రెండోసారి చెయ్యి చాపితే ఇంటిల్లిపాదీ ఆ చేతివైపే చూసేవాళ్ళు. ఆ పిల్లకి జలుబు చేసినా, మోకాలు దోక్కుపోయినా, లెక్కల్లో మార్కులు తగ్గినా అందరూ చెప్పే మందు ఒక్కటే, తిండి తగ్గించమని. పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రం అంటారే, అలాగ.

ఆమెకు పదేళ్ళప్పుడు పై అల్మారాలో దాచిన పంచదార డబ్బా ఖాళీ అయింది. విచారణ లేదు, సాక్షులు లేరు. తండ్రి తిన్నగా వచ్చి గుమ్మడి చెవి మెలిపెట్టాడు.

"మాకు చెప్పకుండా తింటున్నావు కదూ?"

"నేను తినలేదు నాన్నా."

"మరి ఈ ఒళ్ళెక్కడిది?"

ఆ ప్రశ్నకు పదేళ్ళ పిల్ల ఏం చెబుతుంది? వీపు మీద రెండు పడ్డాయి. ఆ రోజు నుంచి ఆమె నలుగురిలో కూర్చుని తినడం మానేసింది. గోడవైపు తిరిగి గబగబా నాలుగు ముద్దలు మింగి లేచిపోయేది. పెళ్ళయింది, కూతురు పుట్టింది, జుట్టు నెరిసింది, ఈ అలవాటు మాత్రం పోలేదు. షెడ్డులో మధ్యాహ్నం ఆడవాళ్ళంతా కిటికీ పక్క పొడుగు బల్ల దగ్గర కబుర్లాడుకుంటూ తింటుంటే, ఆమె కటింగ్ గదిలో గుడ్డ తానుల వెనక చేరి, బీరువాకి మొహం పెట్టుకుని తినేది. "మా కటింగక్కకి సిగ్గెక్కువ" అనుకునేవాళ్ళు వాళ్ళు.

అలాగని ఆమె బతుకంతా ఏడుపేననుకోకండి. ఆమెంత కృతజ్ఞత గల మనిషి ఆ వీధి మొత్తానికీ లేదు. చెయ్యెత్తితే బస్సు ఆపిన డ్రైవరుకీ, బరువైన సంచి ఒక చెయ్యి పట్టిన దారినపోయే వాడికీ వారం రోజులపాటు దీవెనలు అందుతూనే ఉంటాయి. అందరికన్నా ముందు ఆమె తలుచుకునేది ముసలి కటింగ్ మాస్టారిని. ఇరవై రెండేళ్ళ కిందట పనికోసం నాలుగు చోట్లకి వెళ్ళింది. నాలుగు చోట్లా పైనుంచి కిందిదాకా చూసి, "రోజంతా నిలబడే పనమ్మా, నీ వల్ల కాదులే" అన్నారు. ఐదో చోటు ఈ షెడ్డు. మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకుని చూసి, "బల్ల దగ్గర మనిషి కాస్త బరువుగా ఉంటేనే మంచిది, చెయ్యి ఆనిస్తే గుడ్డ కదలదు. రేపట్నుంచి రా" అన్నాడు. ఆమె ఒళ్ళు చూసి ఒక మనిషి మెచ్చుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఇంటికెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది, సంతోషంతోనే.

మాస్టారు నేర్పిన మొదటి పాఠం కత్తెర పట్టడం కాదు, తానుకో ముక్క తీయడం. కొత్త తాను విప్పగానే జానెడు చదరం ముక్క కోసి, కొలత రాసుకుని, వేడినీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి మళ్ళీ కొలవాలి. ఎంత ముడుచుకుందో చూసుకుని అంత కలిపి కత్తిరించాలి. "రంగు ఒకటే, చీటీ ఒకటే అని రెండో తానుని నమ్మెయ్యకు. గుడ్డని మొహం చూసి నమ్మకూడదమ్మా, నీళ్ళలో పెట్టి నమ్మాలి" అనేవాడు. ఆయన పోయాక ఆ కత్తెర, ఆ బల్ల, ఆ మాట మూడూ ఆమెకు దక్కాయి.

కూతురు చదువుకుని నర్సయింది. ఈ షెడ్డు నుంచి యూనిఫాంలు వెళ్ళే ఆస్పత్రిలోనే ఉద్యోగం దొరికింది, ఆరు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. పిల్ల అచ్చం తల్లి పోలిక. నవ్వూ అదే, చేతి ఒడుపూ అదే, ఒళ్ళూ అదే. తాను కత్తిరించిన యూనిఫాం వేసుకుని కూతురు డ్యూటీకి వెళ్తుంటే, వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూసేది తల్లి.

ఇంతలో ఆస్పత్రివాళ్ళు కొత్త భవనం తెరుస్తూ నర్సులందరికీ కొత్త యూనిఫాంలు కావాలన్నారు, అదీ పది రోజుల్లో. ఎనిమిది తానులు వచ్చాయి. అన్నీ ఒకటే లేత నీలం, అన్నిటిమీదా ఒకటే చీటీ. మొదటి తానులో ముక్క తీసి నానబెట్టింది. వెంట్రుకవాసి కూడా ముడుచుకోలేదు. రెండోదాని మీద కత్తెర పెట్టబోతుంటే షెడ్డు యజమాని గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. "అన్నీ ఒకటేలే" అనుకుంది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఏడు తానుల్ని మొహం చూసి నమ్మేసింది.

కటింగ్‌లో ఆమెకో పద్ధతి ఉంది. చిన్న సైజులు ముందు, పెద్ద సైజులు ఆఖర్న. అలా పెద్ద సైజులన్నీ చివరి రెండు తానుల్లో పడ్డాయి. ఆ రెండు తానులూ వేరే నేతవని, వేడినీళ్ళు తగిలితే ముడుచుకుపోయే రకమని ఎవరికి తెలుసు?

వేసుకున్న రోజు అందరికీ అతికినట్టు సరిపోయాయి. ఆస్పత్రి లాండ్రీలో మరిగే నీళ్ళలో రెండు ఉతుకులు పడేసరికి పద్నాలుగు మందికి బొత్తాలు పట్టలేదు. ఆ పద్నాలుగు మందీ కాస్త ఒళ్ళున్నవాళ్ళే. సన్నగా ఉన్నవాళ్ళకి ఏమీ కాలేదు. ఇంకేం కావాలి లోకానికి! "ఉన్నవాళ్ళకే ఇంకా వస్తుందర్రా ఒళ్ళు" అని ఒకటే నవ్వులు. పెద్ద నర్సమ్మ అందరినీ వరసగా నిలబెట్టి, "కొత్త భవనం తెరిచారని రోజూ విందులు చేసుకుంటున్నారా? కాస్త నోరు కట్టుకోండి" అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు పద్నాలుగు మందీ పొట్టలు లోపలికి లాక్కున్నారు. ఒక్కరంటే ఒక్కరికి గుడ్డ మీద అనుమానం రాలేదు.

మర్నాడు పొద్దున కూతురు అద్దం ముందు నిలబడి ఊపిరి బిగబట్టి బొత్తం పెట్టుకుంటోంది. తల్లి చూసింది. చూసిన తల్లి ఏమనాలి? ఏమీ అనకుండా ఉన్నా సరిపోయేది.

"నాకు చెప్పకుండా తింటున్నావు కదూ?"

ఆ మాట తన నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఆమెకే తెలియదు. నలభై ఏళ్ళు ఎక్కడ దాక్కుందో మహాతల్లి! కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. కూతురు అద్దంలోంచి తల్లిని ఒకసారి చూసి, పైన స్వెట్టరు తొడుక్కుని వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి పిల్ల పొద్దున తినడం మానేసింది. మధ్యాహ్నం డబ్బా నిండుగా వెళ్ళి నిండుగా తిరిగొచ్చేది. రెండు వారాలకి మొహం పీక్కుపోయింది. మందుల ట్రే పట్టుకుని మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి కూలబడిందని తోటి నర్సు ఫోను చేసి చెప్పింది. తల్లి బతిమాలితే, "ఉద్యోగం మానేస్తానమ్మా. వాళ్ళందరి ముందూ ఆ బట్టలు తొడుక్కుని నిలబడలేను" అంది. ఇష్టపడి చదువుకున్న చదువు, ఏరికోరి తెచ్చుకున్న ఉద్యోగం. తల్లి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ ఆదివారం పుల్లక్క వచ్చింది. వస్తూనే వంటింట్లోకి వెళ్ళి మూతలు తీసి చూసుకుని, కంచం నింపుకుని, కాళ్ళాడిస్తూ కూర్చుంది. మేనకోడలిని కూడా పిలిచింది. పిల్ల కంచంలో రెండు ముద్దలంత పెట్టుకుని వచ్చి, కుర్చీని గోడవైపు తిప్పుకుని, వాళ్ళకి వీపు పెట్టి కూర్చుంది.

తల్లి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఒళ్ళు తన పోలికే వచ్చిందనుకుంది ఇన్నాళ్ళూ. సిగ్గు కూడా తనే ఇచ్చిందని ఇప్పుడు తెలిసింది.

పిల్ల తిన్నానని అనిపించుకుని లోపలికి వెళ్ళాక పుల్లక్క గొంతు తగ్గించింది. "ఏమన్నావే దాన్ని?"

చెల్లెలు చెప్పింది. అక్క కాళ్ళు ఆడించడం ఆపింది. ఆమె కాళ్ళు ఆగడం అరుదైన విషయం.

"గుమ్మడీ, పంచదార డబ్బా ఖాళీ చేసింది నేనే."

"ఏంటీ?"

"నేనేనే. రోజూ రెండు గుప్పెళ్ళు. నాన్న నిన్ను కొడుతుంటే తలుపు చాటునుంచి చూస్తూ నిలబడ్డా. నా ఒళ్ళు తినకపోయినా సన్నమే, తిన్నా సన్నమే, నన్నెవడు అనుమానిస్తాడు? ఒళ్ళు చూసి దొంగని పట్టుకున్నారే మనవాళ్ళు. ఇప్పుడు నువ్వూ అదే పని చేస్తున్నావు, దాని విషయంలో."

ఇంకొకరైతే అక్కని జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చేవాళ్ళు. గుమ్మడికి కోపం రాకపోలేదు, వచ్చింది. "నలభై ఏళ్ళు నోట్లో పంచదార పెట్టుకు కూర్చున్నావా!" అని గరిటె విసిరేసింది. గరిటె గోడకి తగిలి కింద పడింది. ఆ తరవాత అక్కా చెల్లెళ్ళిద్దరూ నవ్వారో ఏడ్చారో వాళ్ళకే తెలియాలి. కానీ ఆ మాట ఆమె బుర్రలో తిరుగుతూనే ఉంది. ఒళ్ళు చూసి దొంగని పట్టుకున్నారు. మొహం చూసి నమ్మారు.

లేచి వెళ్ళి కొక్కేనికున్న కూతురి యూనిఫాం తీసింది. అప్పటికి ఆమె ఉద్దేశం పక్క కుట్లు విప్పి కాస్త వదులు చేద్దామనే. మంచం మీద పరిచి టేపు పెట్టింది. చుట్టుకొలత తను కత్తిరించినదానికన్నా రెండంగుళాలు తక్కువ. మళ్ళీ కొలిచింది. పొడుగు కొలిచింది. నలభై అంగుళాలు ఉండాల్సింది ముప్ఫై ఎనిమిదే ఉంది.

మనిషి లావెక్కితే గుడ్డ బిగుతవుతుంది. గుడ్డ పొట్టిదెందుకవుతుంది?

"ఓరి దేవుడా" అని మంచం పక్కన చతికిలబడింది. కూతురిని పిలిచి టేపు చూపించింది. "నీ ఒళ్ళు కాదే చిన్నీ, నా గుడ్డ. నానబెట్టకుండా కోసిన పాపిష్టిదాన్ని నేను."

కూతురు టేపు వంక చూడనైనా చూడలేదు. "నన్ను ఓదార్చడానికి చెప్తున్నావులే అమ్మా" అంది. తల్లి మాట నమ్మకపోవడం ఆ పిల్లకి అదే మొదలు.

సోమవారం పొద్దున్నే షెడ్డుకి వెళ్ళి చివరి తాను మిగులు గుడ్డలో ముక్క తీసి నానబెట్టింది. ఆరేసి కొలిస్తే జానెడు ముక్క అర అంగుళం తరిగింది. యజమాని విని తల పట్టుకున్నాడు. కాస్త తేరుకున్నాక దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"ఎవరికీ తెలియదు కదక్కా. ఒళ్ళొచ్చిందనే అనుకుంటున్నారుగా, అనుకోనీ. ఆ పద్నాలుగూ తెప్పించి పక్కలు వదులు చేసి పంపేద్దాం. ఇరవై రెండేళ్ళ పేరు నీది. ఒక్కరోజులో ఎందుకు పోగొట్టుకోవడం?"

ఆ మాటా అబద్ధం కాదు. ఆ పేరు తప్ప ఆమెకు వేరే ఆస్తి లేదు. నిన్నటిదాకా "లావు మనిషి" అన్నవాళ్ళే, ఆ తరవాత "కానీ చెయ్యి మాత్రం తప్పు పోదు" అని కలిపేవాళ్ళు. ఆ రెండో ముక్క పోతే మిగిలేది మొదటిదే.

"నా పేరు నిలబెట్టడానికి పద్నాలుగు మంది పస్తులుంటున్నారు బాబూ" అని, మొదటి తాను ముక్కనీ, ఈ ముక్కనీ, టేపునీ సంచిలో వేసుకుని ఆస్పత్రికి నడిచింది.

మధ్యాహ్నం డ్యూటీలు మారే వేళ. నర్సుల భోజనాల గదిలో ముప్ఫై మంది దాకా ఉన్నారు. పెద్ద నర్సమ్మ ఉంది. బరువు సమస్యలు చూసే డాక్టరమ్మ టీ తాగుతోంది. కూతురు గది చివర, గోడకేసి మొహం పెట్టి కూర్చుంది. కటింగక్క గుమ్మంలో నిలబడింది. గొంతు అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది.

"అమ్మా, నేను మీ యూనిఫాంలు కత్తిరించేదాన్ని. ఈ పద్నాలుగు మందికీ ఒళ్ళు రాలేదు. నేనే గుడ్డని నీళ్ళలో పెట్టకుండా కోశాను. పెద్ద సైజులన్నీ ముడుచుకునే తానుల్లో పడ్డాయి. తప్పు నాది, మీ నోళ్ళది కాదు."

ముక్కలు రెండూ బల్ల మీద పెట్టింది. ఒకేలా కోసినవి, ఒకేలా ఉతికినవి. ఒకటి అలాగే ఉంది, ఒకటి కుంచించుకుంది. ఆ తరవాత ఒకామెని దగ్గరికి పిలిచి, ఒంటిమీదున్న యూనిఫాం పొడుగు కొలిచి చూపించింది. అందరిలోకీ బొద్దుగా ఉన్న నర్సమ్మ ఒకామె ఉన్నట్టుండి, "పదిహేను రోజులుగా పచ్చి ఆకులు నములుతున్నానే తల్లీ!" అని గట్టిగా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. పెద్ద నర్సమ్మ మొహం ఎర్రబడింది. ఆమెకు మాట వెనక్కి తీసుకోవడం అలవాటు లేదు. "నేనన్నది... అనకూడదు. మనసులో పెట్టుకోకండి" అంది పద్నాలుగు మందికేసి చూసి. తరవాత కటింగక్కతో, "పద్నాలుగూ మళ్ళీ కుట్టి తెండి, నానబెట్టి మరీ. ఇక మీద కూడా మా గుడ్డ మీ బల్ల మీదికే వస్తుంది. తప్పు చేసి దాచేవాళ్ళని చాలామందిని చూశాను, ఇలా వచ్చి చెప్పినవాళ్ళని చూడలేదు" అంది.

కటింగక్క అంతటితో వెళ్ళిపోవచ్చు. కానీ నలభై ఏళ్ళ ప్రశ్న నోటిదాకా వచ్చేసింది. డాక్టరమ్మవైపు తిరిగింది.

"నవ్వకండమ్మా. నేనూ మా అక్కా ఒకే కంచంలో తిన్నాం. నాకన్నా అదే ఎక్కువ తింది. అది పుల్ల, నేను గుమ్మడి. ఎందుకని?"

డాక్టరమ్మ నవ్వలేదు. బల్ల మీది ముక్కలు రెండూ చేతిలోకి తీసుకుంది.

"మీరే తెచ్చారుగా జవాబు. పుట్టుకతో వచ్చేది చాలా ఉంటుందమ్మా, ఎత్తు వచ్చినట్టే. ఆకలి అందరికీ ఒకేలా వెయ్యదు. కడుపు నిండిందన్న కబురు కొందరికి తొందరగా తెలుస్తుంది, కొందరికి ఆలస్యంగా. తిన్నది ఖర్చు పెట్టుకోవడంలోనూ ఒక్కో ఒళ్ళు ఒక్కో తీరు. ఊరికే కూర్చున్నా కాళ్ళాడించే మనుషులుంటారు చూడండి..."

"మా అక్కే!"

"ఆ కదలడమూ లెక్కలోకి వస్తుంది. నిద్ర చాలకపోయినా, డ్యూటీ వేళలు మారుతున్నా, దిగులున్నా, కొన్ని మందులు వాడినా కొందరికి ఇట్టే ఒళ్ళొస్తుంది. అలాగని పస్తులుంటే, ఒళ్ళు ఉన్నదాన్ని పొదుపుగా వాడుకుంటుంది, ఆకలి రెట్టింపు చేస్తుంది."

"అయితే నా తప్పేం లేదంటారా?"

"తిండీ నడకా అక్కర్లేదని అనను. మీ అక్కది చదును దారి, మీది ఎక్కుడు దారి. ఎక్కలేరని కాదు, సాయం తీసుకుంటే ఎక్కచ్చు. మోకాళ్ళ కోసం, గుండె కోసం ఎక్కాలి కూడా. కానీ ఎక్కుతున్నవాళ్ళని చూసి బద్ధకస్తులు, దొంగతిండివాళ్ళు అంటే ఎలాగ?"

కటింగక్కకి కళ్ళు మసకలయ్యాయి. మాస్టారు గుర్తొచ్చాడు. ఆయన చెప్పింది గుడ్డ గురించేననుకుంది ఇన్నేళ్ళూ. ఆయనకో దణ్ణం పెట్టుకుంది మనసులో. ఈ డాక్టరమ్మకొకటి. పంచదార మెక్కి నలభై ఏళ్ళకి కక్కిన పుల్లక్కకి కూడా ఒకటి పెట్టింది, కాస్త ఆలస్యం చేసి.

"ఆ అమ్మాయి చేరినప్పటి బరువు మా దగ్గర రాసి ఉంది. ఇప్పుడు చూస్తే నాలుగు కిలోలు తక్కువే ఉంటుంది. రేపు నా దగ్గరికి రమ్మనండి, తిట్టడానికి కాదు" అని డాక్టరమ్మ గది చివరికి చూపించింది.

కూతురు అప్పటికే లేచి నిలబడి ఉంది. దగ్గరికి వచ్చి, బల్ల మీది ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకుంది. "నిజంగానే చెప్పావా అమ్మా" అంది.

"నిజమేనే. ఆ రోజు అద్దం దగ్గర నేనన్నదే అబద్ధం. మా నాన్న నన్నన్న మాట అది, నీకు అంటగట్టాను. నన్ను క్షమించు తల్లీ."

పిల్ల తల్లి భుజం మీద తల పెట్టుకుని నిలబడింది. కాసేపటికి తలెత్తి, "ఆకలేస్తోందమ్మా" అంది. రెండు వారాల తరవాత కూతురి నోట విన్న ఆ మాటకన్నా కమ్మనిది ఆ తల్లికి ఇంకోటి లేదు.

కూతురు రెండు కంచాలు తెచ్చింది. కటింగక్క తనది తీసుకుని, అలవాటు చొప్పున గది చివర గోడవైపున్న కుర్చీ దగ్గరికి నడిచింది. కూతురు వెనకే వెళ్ళి ఆ కుర్చీని ఎత్తి, తెచ్చి, అందరి మధ్యా వేసింది.

"ఇక్కడ కూర్చో. నువ్వు తింటేనే నేను తింటా."

కటింగక్క కూర్చుంది. ఎదురుగా ముప్ఫై మొహాలు. మొదటి ముద్ద తల వంచుకుని తింది, రెండోది తలెత్తి తింది. పక్కనున్న బొద్దు నర్సమ్మ ఏదో జోకేసింది, బల్లంతా నవ్వింది, కూతురు కూడా నవ్వింది. కటింగక్క కంచం ఖాళీ అయింది. ఇంకా ఆకలిగానే ఉంది.

"ఇంకొంచెం వెయ్యమ్మా" అని చెయ్యి చాపింది.

ఎవరూ ఆ చేతివైపు చూడలేదు.